ఈ ఆదివారం నీ చేతులు ఏం చేశాయి

"ఆ పిల్లల దగ్గర డైరీ రాసేటంత ఏముంటది? లేస్తరు, తింటరు, పంటరు. నీకు పనిలేక గాని" అన్నాడు మా ఆయన హాతీరాం, పెనం మీంచి అప్పుడే తీసిన రొట్టెను పళ్ళెంలోకి అందుకుంటూ.

పనిలేక అన్న మాట దగ్గర నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అప్పటికి పొద్దున ఆరున్నర. నేను నాలుగున్నర నుంచి నిలబడే ఉన్నాను. నీళ్ళు పట్టడం అయింది. అత్తకు వేడినీళ్ళు తోడిపెట్టడం, ఆమె షుగరు మాత్రలు, జావ అయ్యాయి. కూర అయింది. ఆయన డబ్బా, నా డబ్బా సర్దడం అయింది. ఆయన ప్యాంటు ఇస్త్రీ అయింది. ఏడుంబావు బస్సు అందుకోవాలి. భద్రాచలం నుంచి నలభై నిమిషాలు, దిగాక జామాయిల్ తోటల పక్కన మట్టిరోడ్డు మీద పావుగంట నడక. ఇన్నింటి మధ్య, ఇవాళ పిల్లలకు ఏ ప్రశ్న ఇవ్వాలా అని ఆలోచించుకునే ఆ కాస్త సేపే నాకు ఊపిరి. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్తే, "నా ఇంట్ల నీకు ఊపిరి గూడ ఆడ్తలేదా" అంటాడు. నా మాటను నాకే తిప్పి పెట్టడం ఆయనకు పెళ్ళయిన కొత్తలోనే అలవాటైంది. పద్దెనిమిదేళ్ళుగా అలాగే నడుస్తోంది. మా అమ్మాయి శ్రావణి ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. అది వెళ్ళాక, తిప్పి పెట్టని మాటలు వినాలంటే బడికి పోవాల్సిందే.

నేను పనిచేసేది ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో. పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. సగం మంది కోయ గూడేల పిల్లలు, సగం మంది మా లంబాడీ తండాల వాళ్ళు. ఎనిమిదో తరగతికి నేను తెలుగు చెప్తాను. జూన్‌లో బడి తెరవగానే వాళ్ళకు డైరీ అలవాటు చేద్దామనుకున్నాను. పోయినేటి నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, గోనెసంచులు కుట్టే సూదితో కుట్టి, ముప్పై ఎనిమిది చిన్న పుస్తకాలు చేశాం. "రోజూ డైరీ రాయండి" అన్నాను, అంతే. ముప్పై ఎనిమిది మందీ ఒక్కటే రాశారు. ఉదయమున లేచితిని, పళ్ళు తోముకొంటిని, స్నానము చేసితిని, ప్రార్థనకు పోతిని. వారం రోజులు అవే పళ్ళు, అదే స్నానం. తప్పు వాళ్ళది కాదని అర్థం కావడానికి నాకింకో వారం పట్టింది. నీ సంగతేంటని ఆ పిల్లల్ని ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్ళకెలా తెలుస్తుంది?

అప్పటి నుంచి రోజుకొక ప్రశ్న బోర్డు మీద రాయడం మొదలుపెట్టాను. చెప్పాలనుకుని మింగేసిన మాట ఏది? మీ ఇంట్లో అందరికంటే ఆఖరున తినేది ఎవరు? గోదారి ఊళ్ళోకి వచ్చినప్పుడు మీవాళ్ళు ముందు ఏం సర్దుకున్నారు? ఈ గోదారి ప్రశ్నకు ఒక పిల్ల, పొదిగే కోడిపెట్టను గుడ్లూ గంపా సహా ట్రాక్టరు ఎక్కించిన కథ నాలుగు పేజీలు రాసింది. ఇంకో పిల్ల, "మా అమ్మ ఆధార్ కార్డులు సర్దింది, మా నాయిన పేకముక్కలు సర్దిండు" అని ఒక్క లైను రాసి ఊరుకుంది. తెలుగులో మాట దొరక్కపోతే కోయలో రాయండి, లంబాడీలో రాయండి అన్నాను. ఒక కట్టుబాటు కూడా పెట్టాను. ఎవరికీ చూపెట్టొద్దనుకున్న పేజీని సగానికి మడవాలి. మడిచిన పేజీ నేను తెరవను. మొదట వాళ్ళు నమ్మలేదు. ఒక పిల్ల పేజీ మడిచి లోపల చీపురుపుల్ల ముక్క పెట్టింది, తెరిస్తే రాలిపడుతుందని. పుస్తకం తిరిగి చేతికొచ్చాక చూసుకుంది. పుల్ల అక్కడే ఉంది. మరుసటి వారం ఎనిమిది మంది పేజీలు మడిచారు.

పుల్ల పెట్టిన ఆ పిల్ల పేరు సోయం సువర్ణ. సన్నగా, మాట తక్కువగా ఉండేది. నా వెంటే తిరిగేది. నా చేతిలో ఏముంటే అది అందుకునేది, సంచి గానీ, సుద్దముక్కల డబ్బా గానీ, తిన్న గిన్నె గానీ. నేనంటే ఇష్టం అనుకున్నాను. ఒకరికి ఇష్టం కావడం నాకు బాగుండేది.

మా హెడ్మాస్టరు మురళీకృష్ణ సార్. వార్డెన్ పోస్టు ఖాళీగా ఉండటంతో హాస్టలు కూడా ఆయనే చూస్తాడు. సత్తుపల్లి వైపు భూములున్న కుటుంబం. బడి వెనక క్వార్టర్లో భార్య నిర్మలాదేవిగారితో ఉంటాడు. కోపిష్టి కాదు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. "భానూ, నువ్వైతే బాగుంటుంది" అంటాడు. పిల్లకు జ్వరమొస్తే దవాఖానాకు తీసుకుపోవడానికి నేనైతే బాగుంటుంది. అధికారులొస్తే ముగ్గులకూ బొట్టుపెట్టి స్వాగతం చెప్పడానికీ నేనైతే బాగుంటుంది. టీలు పోయడానికి కూడా. లెక్కల సారూ, సైన్సు సారూ కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉండగానే. జూలైలో ఒకరోజు ఆయన మా క్లాసుకొచ్చి, పిల్లల డైరీ ఒకటి చేత పట్టుకుని ఫోటో దిగి అధికారుల గ్రూపులో పెట్టాడు. మా పాఠశాలలో నేను చేపట్టిన వినూత్న కార్యక్రమం అని. ఆ ఫోటోలో ఓ మూల నా మోచెయ్యి పడింది. ఇంటికొచ్చి చెప్తే, "పెద్దసారు గదా, ఆయన పేరే పెట్టుకుంటడు. నీకు పేరొస్తే ఏం జేసుకుంటవ్?" అన్నాడు మా ఆయన. నిజంగానే ఏం చేసుకుంటానో నాకూ తెలియలేదు. అన్నం వడ్డించాను.

ఆగస్టులో ఒక సోమవారం బోర్డు మీద, ఈ ఆదివారం నీ చేతులు ఏం చేశాయి అని రాశాను. పెద్దగా ఆలోచించి రాసింది కాదు. ఆ పొద్దున నా చేతులే నొప్పిగా ఉండి, ఆ మాట తట్టింది. పిల్లలు తలలు వంచుకుని చాలాసేపు రాశారు. గంట కొట్టాక పుస్తకాలు బీరువాలో పెట్టాను.

బుధవారం సార్ తన గదికి పిలిచాడు. శుక్రవారం మా శాఖ పెద్ద మేడమ్ తనిఖీకి వస్తోందట, ఆ డైరీలు చూడటానికే వస్తోందట. ఆయన టేబుల్ మీద, నా బీరువాలోంచి తీసుకొచ్చిన సువర్ణ పుస్తకం ఉంది. మడత విప్పి, మీద చేత్తో సాపు చేసిన పేజీ.

"మిగతావన్నీ బాగున్నాయి భానూ. ఈ ఒక్క పేజీ చింపెయ్."

"అది మడిచిన పేజీ సార్. నేను చదవను."

"అదే తప్పు. నువ్వు చదవవని తెలిసే వాళ్ళు ఇష్టమొచ్చినట్టు రాస్తున్నారు." పుస్తకం తీసుకుని, హాజరు పిలిచే గొంతుతో చదివాడు. "ఈ ఆదివారం నా చేతులు పెద్దసారు ఇంట్ల అంట్లు తోమినయి. రెండు బకెట్ల బట్టలు ఉతికినయి. అమ్మగారి మోకాళ్ళకు నూనె రాసినయి. మిరపకాయల తొడిమలు తీసినయి. సాయంత్రం అన్నం తినలేదు, చెయ్యి నోట్ల పెడితే మండుతున్నది." అక్కడ ఆపి, పుస్తకం నా వైపు తిప్పాడు. "చివరి లైను నువ్వే చదువుకో."

చదివాను. "సోమవారం నుంచి శనివారం దాంక నా చేతులు భాను టీచర్ డబ్బా కడుగుతయి."

"మనిద్దరికీ మంచిది కాదు" అన్నాడు సార్ మెల్లగా.

ఫోటోలో మనిద్దరం లేము. ఇప్పుడు ఈ పేజీ దగ్గర మాత్రం మనిద్దరం అయ్యాం. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ నా ముఖం అప్పటికే వేడెక్కిపోయింది, ఆయన మీద కోపంతో కాదు. నేనూ ఆశ్రమ పాఠశాలలో చదివినదాన్నే. మా వార్డెనమ్మ చీరలు నేనే ఉతికేదాన్ని. నీళ్ళు పిండలేక చీర కొంగు కిటికీ చువ్వకు కట్టి మెలితిప్పేదాన్ని. నన్ను ఎంచుకుందని సంబరపడ్డాను కూడా. పెళ్ళయ్యాక అత్తగారింట్లో మొదటి రోజు చేతికి చాట వచ్చినప్పుడు కూడా అలాగే, నన్ను తమదాన్ని చేసుకున్నారనుకున్నాను. చేయించుకునేవాళ్ళు ఎవరూ పని అనరు. ఇష్టం అంటారు, నేర్చుకోవడం అంటారు, నువ్వైతే బాగుంటుంది అంటారు. ఇన్నేళ్ళు ఒంట్లో మోసి తెలుసుకున్న సంగతి. తెలిసి కూడా, మధ్యాహ్నం తిన్న డబ్బా ఒక పదమూడేళ్ళ పిల్ల చేతికిచ్చి, ఆ పది నిమిషాలు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. రోజులో నేను కూర్చున్నది ఆ పది నిమిషాలే. వాటిని ఆ పిల్ల దగ్గర తీసుకున్నానని నాకు తట్టనే లేదు.

ఆ మధ్యాహ్నం నిర్మలాదేవిగారు క్వార్టర్ నుంచి మా వరండాకు వచ్చింది. నాలుగు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగింది.

"నా మీద కోపం పెట్టుకోకమ్మా. మోకాళ్ళు అరిగిపోయాయన్నారు డాక్టర్లు. కింద కూర్చుంటే లేవలేను. పనిమనిషిని పెట్టమని నాలుగేళ్ళుగా అడుగుతున్నాను. బడి నిండా ఆడపిల్లలుంటే పనిమనిషి ఎందుకే అంటారాయన."

నేను కుర్చీ ఆమె వైపు జరిపాను.

"మిరపకాయలు మండుతాయని నాకు తోచలేదమ్మా. నా చేతులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ ఒక్క కాగితం తీసెయ్. ఈ వయసులో ఆయన పరువు పోతే ఆ కోపం ఎవరి మీద తీర్చుకుంటారో నీకు తెలియంది కాదు."

ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఆమె వెళ్ళిపోతుంటే చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. కాగితం తీస్తాననలేదు, తియ్యననలేదు. బస్సులో కూర్చున్నాక, తీసేస్తే పోలా అనిపించింది. అలిసిపోయిన మనిషికి అన్నింటికంటే తేలికైన దారి కనిపించినంత స్పష్టంగా ఇంకేదీ కనిపించదు. ఒక్క కాగితం. చింపితే సార్‌కు నిమ్మళం, ఆమెకు నిమ్మళం, నాకూ నిమ్మళమే.

గురువారం పొద్దున సువర్ణను నీళ్ళ పంపు దగ్గరి గట్టు మీదికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"నీ మడిచిన పేజీ సార్ తెరిచిండు. నేను గూడ చదివిన. మాట తప్పిన బిడ్డా."

కాలివేళ్ళ వైపు చూస్తూ అడిగింది. "కొడ్తరా టీచర్?"

"ఎవ్వరు కొట్టరు. సార్ ఆ పేజీ చింపమంటున్నడు. నువ్వేమంటవ్?"

"చింపొద్దు టీచర్" అంది వెంటనే. "దాని ఎనక మా అవ్వ గురించి రాసిన."

ఆ కారణం ముందు నా తేలిక దారి ఎటు పోయిందో నాకే తెలియదు. నన్ను తొలుస్తున్నది అడిగాను. "నా డబ్బా ఎందుకు కడిగినవ్? నేను అడగలేదు గదా."

"మీరు వద్దనలేదు గద టీచర్."

కోపంగా అనలేదు. ఉన్నది చెప్పింది, అంతే. ఆ మధ్యాహ్నం నా డబ్బా నేనే కడుక్కున్నాను. పిల్లలు వింతగా చూశారు.

శుక్రవారం మేడమ్ వచ్చింది. ముగ్గులు నేనే వేశాను, బొట్టు నేనే పెట్టాను. క్లాసులోకి వచ్చి డైరీలు ఏవని అడిగితే, సార్ ముందే ఏరి పెట్టిన పది పుస్తకాలు చేతికిచ్చాడు. నేను బీరువా తెరిచి మిగతా పుస్తకాలు ఎవరివి వాళ్ళకు పంచాను. సార్ చింపమని ఇచ్చిన సువర్ణ పుస్తకం నా సంచిలో ఉంది, అదీ ఇచ్చేశాను. "ఎవరి పుస్తకం వాళ్ళ దగ్గరుంచుకోండి. మేడమ్‌కు చూపెట్టాల్నా వద్దా అన్నది మీ ఇష్టం. వద్దంటే ఎవ్వరు ఏమనరు" అన్నాను. సార్ నా వైపు చూసిన చూపు నేను పట్టించుకోలేదు.

కొందరు లేచి ఇచ్చారు. కొందరు పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. సువర్ణ అందరికంటే ఆఖరున లేచింది. మడత తనే విప్పి, పేజీ తనే తెరిచి ఇచ్చింది. మేడమ్ నిలబడే చదివింది. తలెత్తి అడిగిన మొదటి మాట, "ఇందులో భాను టీచర్ ఎవరు?"

"నేనే మేడమ్."

"ఇది నిజమేనా?"

"నిజమే మేడమ్. పైవి నిజమే, ఆఖరుది గూడ నిజమే."

సార్ ఏదో చెప్పబోయాడు. మేడమ్ చెయ్యెత్తి ఆపింది. పుస్తకం సువర్ణకు తిరిగి ఇచ్చేసి, పిల్లల్ని ఒక్కొక్కరినే పక్క గదికి పిలిపించుకుని మాట్లాడింది. సాయంత్రం దాకా మాట్లాడింది. నా బస్సు పోయింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయనకు ఫోన్లో అన్నీ తెలిసిపోయాయి. "నీ పేరున్న కాగితం నువ్వే తీస్కపోయి ఇస్తవా? అకల్ ఉన్నదా నీకు?" అన్నాడు. ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. కాగితాల బలం తెలిసినవాడు. పది రోజులకు ఆయన భయపడ్డట్టే అయింది. సార్‌కు మెమో వచ్చింది, హాస్టలు బాధ్యత ఇంకొకరికిచ్చారు. నాకూ మెమో వచ్చింది. దాంతో పాటు డిప్యుటేషన్ కాగితం కూడా. అడవిలో, వాగు దాటాక, ఇద్దరు టీచర్లుండే చిన్న బడి. పొద్దున ఒక బస్సు పోతుంది, అదే మరునాడు తిరిగొస్తుంది. సార్‌ను ఎక్కడికీ పంపలేదు. ఎందుకని ఎవరినీ అడగలేదు. అడగడానికి ఓపిక లేదు.

ఆఖరి శనివారం పిల్లలు డైరీలు తెచ్చి నా ముందు పెట్టారు. సువర్ణ పేజీ మడవలేదు. "పోయిన ఆదివారం గోరింటాకు పెట్టుకున్న. అందుకే నా చేతులు ఏ పని చెయ్యలేదు" అని రాసింది. కింద తన అరచెయ్యి పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసింది. ఆ పేజీ మీద నేను టిక్కు పెట్టలేదు, సంతకం పెట్టలేదు. కాసేపు చూసి ఇచ్చేశాను. బయటికొస్తుంటే క్వార్టర్ ముందు నిర్మలాదేవిగారు స్టూలు మీద కూర్చుని గిన్నెలు తోముతోంది. సార్ పంపు నుంచి బకెట్టు మోసుకొస్తున్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆమె తిప్పుకోలేదు.

మరునాడు ఆదివారం. పొద్దున టిఫిన్లయ్యాక మా ఆయన ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. నా పేరు మీద ఆయనే రాశాడు. "ఎవరెవరితోని మాట్లాడాల్నో మాట్లాడిన. నువ్వు సంతకం పెడితే చాలు, ఆర్డర్ రద్దయితది."

చదివాను. ఇంటి పనుల ఒత్తిడి వల్ల నా మానసిక స్థితి సరిగా లేనందున, పిల్లలచేత అనవసరమైన విషయాలు రాయించితిని, హెడ్మాస్టరుగారి గౌరవమునకు భంగము కలిగించితిని, నన్ను క్షమించగలరు. పద్దెనిమిదేళ్ళలో ఇంటి పనికి ఒత్తిడి ఉంటుందని ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి. అది కూడా నాకు మతి సరిగా లేదని చెప్పడానికి. నవ్వొచ్చింది కానీ నవ్వడానికీ ఓపిక కావాలి. ఎర్రపెన్ను తీసుకున్నాను. మానసిక అన్న మాటలో స బదులు శ పడింది. క్షమించగలరు అన్నచోట క్షెమించగలరు అని ఉంది. భంగము దగ్గర ఒత్తు ఎగిరిపోయింది. మూడూ దిద్ది కాగితం ఆయన చేతికిచ్చాను.

"సంతకం?" అన్నాడు.

"పెట్టను. పోత."

"రోజు ఎట్ల పోయొస్తవ్ ఆ అడివిలకు?"

"రోజు రాను. బడి పక్కన ఒక గది ఉన్నదట. సోమవారం పోత, శనివారం సాయంత్రం అటు దిక్కు నుంచి ఏ బండి దొరికితే దాంట్ల వస్త."

కోపం కంటే ముందు ఆయన ముఖంలో వచ్చింది ఇంకేదో. లెక్క తప్పిన మనిషి మళ్ళీ మొదటి నుంచి కూడుకుంటున్నట్టు. "మరి ఇల్లు?" అన్నాడు. "అమ్మను ఎవరు చూడాలె? వంట?"

నేను జవాబు వెతుక్కుంటున్నాను. ఎప్పుడూ నేనే వెతుకుతాను. ఇంతలో గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్త తలెత్తింది. ఇన్నేళ్ళలో ఆమె నన్ను తిట్టిన రోజులున్నాయి, తిట్టని రోజులున్నాయి, నా తరఫున ఒక్క మాట అన్న రోజు లేదు. ఇప్పుడు కూడా నా తరఫున అన్నట్టు అనలేదు. ఒలిచిన గింజలు గిన్నెలో వేసుకుంటూ, అదొక మామూలు పని పురమాయించినట్టే అంది.

"రేపు పోయేలోపట ఆ కుక్కర్ మూత ఎట్ల పెట్టాల్నో వానికి చూపెట్టి పో."

మా ఆయన తల్లి వైపు తిరిగాడు. నేను వంటింటి వైపు రెండు అడుగులు వేశాను కూడా. అక్కడే ఆగిపోయాను.

"నువ్వే చూపెట్టత్తా" అన్నాను. "నాకు నిద్రొస్తున్నది."

లోపలికి పోయి పడుకున్నాను. అప్పుడు ఆదివారం పొద్దున పది గంటలు.